చర్మవ్యాధులు, చర్మ క్యాన్సర్లు: నిర్ధారణ, చికిత్స

చర్మం, వెంట్రుకలు, గోళ్లకు వచ్చే జబ్బులను గుర్తించి నయం చేసే వైద్యశాఖ చర్మవైద్యం. గజ్జి, తామర, శోభి, బొల్లి, సోరియాసిస్, కుష్టు మొదలుకొని ప్రాణం తీసే మెలనోమా దాకా రెండు వేలకు పైగా వ్యాధులు దీని కిందికి వస్తాయి. గుండెకో కాలేయానికో జబ్బు చేస్తే లోపలికి తొంగిచూడటానికి యంత్రాలు కావాలి. చర్మం మీది జబ్బు అందరికీ కనిపిస్తుంది. వైద్యుడికి ఇది ఎంత మేలో రోగికి అంత ముప్పు. కనిపిస్తోంది కదా అని ఇంట్లోవాళ్లు ఒక పేరు పెడతారు, మందుల షాపువాడు ఒక ట్యూబు ఇస్తాడు. ఒకేలా కనిపించే గుండ్రటి మచ్చ ఒకరిలో తామర, ఇంకొకరిలో సోరియాసిస్, మరొకరిలో కుష్టు కావచ్చు. అరుదుగా క్యాన్సరూ కావచ్చు. అందువల్ల ముందు జబ్బు పేరు తేలాలి, తర్వాతే పూత.

చర్మ నిర్మాణం

పెద్దవారి ఒంటిమీది చర్మాన్ని పరిస్తే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు ఉంటుంది. దీనిలో పైపొర, దాని కింద నరాలూ రక్తనాళాలూ ఉండే అసలు చర్మం, అడుగున కొవ్వు పొర ఉంటాయి. పైపొర అట్టడుగు వరసలో పుట్టిన కణాలు క్రమంగా పైకి జరుగుతూ, గట్టిపడి, దాదాపు నాలుగు వారాల్లో పొట్టుగా రాలిపోతాయి. సోరియాసిస్‌లో ఈ ప్రయాణం కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. పూర్తిగా ఎదగని కణాలు పోగుపడటం వల్లనే మచ్చ మీద వెండిరంగు పొలుసులు కడతాయి.

అడుగు వరసలోనే అక్కడక్కడ మెలనోసైట్లు అనే రంగు కణాలు ఉంటాయి. ఇవి తయారుచేసే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు గొడుగులా అడ్డుపడుతుంది. తెల్లవారిలోనూ నల్లవారిలోనూ ఈ కణాల సంఖ్య దాదాపు ఒకటే. అవి చేసే మెలనిన్ మోతాదు, రకం మాత్రం వేరు. ఏ కణం అదుపు తప్పిందన్నదాన్ని బట్టే చర్మ క్యాన్సర్ల పేర్లు వచ్చాయి. అడుగు వరసను పోలిన కణాలతో పెరిగేది బేసల్ సెల్ కార్సినోమా, దానిపైన పొలుసు కణాల నుంచి పుట్టేది స్క్వామస్ సెల్ కార్సినోమా, రంగు కణాల నుంచి పుట్టేది మెలనోమా.

చరిత్ర

1687లో ఇటలీలో బొనోమో, చెస్తోనీ అనే ఇద్దరు గజ్జిపొక్కు లోంచి తీసిన సన్నటి పురుగును సూక్ష్మదర్శిని కింద చూసి బొమ్మ గీశారు. ఒక జబ్బుకు కంటికి ఆనని జీవి కారణమని చూపిన తొలి సందర్భాల్లో ఇదొకటి. 19వ శతాబ్దం ఆరంభంలో లండన్ వైద్యుడు రాబర్ట్ విల్లన్ చర్మవ్యాధులను మచ్చ, బొడిపె, నీటిపొక్కు, చీముపొక్కు, పొలుసు అంటూ రూపాన్ని బట్టి వర్గీకరించాడు. నేటి వైద్యులు కేసు షీటులో రాసుకునే భాషకు అదే పునాది. తరువాత వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా జబ్బు వల్ల చర్మంలో జరిగే మార్పులను బట్టి వర్గీకరించే పద్ధతి తెచ్చాడు. 1873లో నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ కుష్టు క్రిమిని కనుగొన్నాడు. చర్మక్షయకు కాంతితో చికిత్స చేసిన డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ చరిత్రలో తెలుగువారికీ చోటుంది. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నెలకొల్పిన కుష్టు ఆసుపత్రి, సరైన మందు లేని రోజుల్లోనే రోగులకు ఆశ్రయమూ వైద్యమూ ఇచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులను తయారుచేసింది. మొదట వాటిని పిల్లల రక్తక్యాన్సర్ మీద ప్రయోగించారు. ఆయన 1948లో చనిపోయాక, 1951లో అమినోప్టెరిన్ వాడిన రోగుల్లో సోరియాసిస్ మచ్చలు మాసిపోవడం గమనించారు. నేటికీ తీవ్రమైన సోరియాసిస్‌కు చవకగా దొరికే ముఖ్యమైన మందు మెథోట్రెక్సేటే.

నిర్ధారణ

చూడటం, తాకడం, అడగడం: చర్మవైద్యుడు వెలుతురులో ఒళ్లంతా చూస్తాడు. మచ్చ ఎక్కడ మొదలైంది, అంచు ఎలా ఉంది, రెండు వైపులా ఒకేలా ఉందా, రాత్రి దురద ఎక్కువా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఇదివరకు ఏమేం రాశారు అని అడుగుతాడు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులు లేచి, పడుకోగానే దురద ఎక్కువై, ఇంటిల్లిపాదీ గోక్కుంటుంటే అది గజ్జి అని సగం తేలినట్టే. పొలుసును మెల్లగా గీకితే సూదిమొన లాంటి నెత్తుటి చుక్కలు కనిపించడం సోరియాసిస్ గుర్తు.

మన ఒంటి రంగు వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో ఎర్రగా కనిపించే వాపు చామనచాయ, నలుపు చర్మం మీద ఊదాగానో, ముదురు గోధుమగానో, బూడిదగానో కనిపిస్తుంది. జబ్బు తగ్గాక కూడా నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది. ఆ మచ్చను చూసి జబ్బు ఇంకా ఉందనుకుని మందు కొనసాగించేవారు చాలామంది. కంప్యూటరుకు ఫొటోలు చూపి జబ్బును గుర్తించడం నేర్పే ప్రయత్నాలకూ ఇదే ఆటంకం. అలా నేర్పడానికి వాడిన చిత్రాల్లో తెల్లచర్మానివే ఎక్కువ.

గీకి చూసే పరీక్ష: తామరకు ఇది ప్రాణం లాంటిది. మచ్చ నడుమ కాకుండా దాని అంచును మొద్దు బ్లేడుతో గీకి ఆ పొట్టును గాజుపలక మీద రాలుస్తారు. శిలీంధ్రం బయటి వైపుకే పాకుతుంది కాబట్టి అది బతికుండేది అంచులోనే. ఆ పొట్టు మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కొద్ది నిమిషాలు ఆగితే చర్మపు పొలుసు కరిగి పల్చబడుతుంది, శిలీంధ్రం మిగులుతుంది. సూక్ష్మదర్శిని కింద కొమ్మలు వేసిన సన్నటి దారాలు కనిపిస్తే తామర ఖాయం. ఖర్చు కొద్ది రూపాయలే, ఫలితం అప్పటికప్పుడే.

స్పర్శ పరీక్ష: ఒంటిరంగు కంటే లేతగానో కాస్త ఎర్రగానో ఉండి, దురద లేని మచ్చ కనిపిస్తే కుష్టును అనుమానించాలి. రోగిని కళ్లు మూసుకోమని, దూదిపోచతో మచ్చ మీదా పక్కన మామూలు చర్మం మీదా మార్చి మార్చి తాకి, తగిలినచోట వేలు పెట్టి చూపమంటారు. మచ్చ మీద తాకినప్పుడు వేలు కదలకపోతే స్పర్శ పోయినట్టు. మోచేతి దగ్గర, మెడ పక్కన, మోకాలి వెనుక నరాలు తాడులా లావెక్కాయేమో తడిమి చూస్తారు. చెవితమ్మెను వేళ్లతో నొక్కిపట్టి, చిన్న గాటు పెట్టి, అందులోంచి తీసిన ద్రవానికి రంగు వేసి క్రిముల కోసం వెతకడం మరో పరీక్ష.

దీపం, భూతద్దం: వుడ్ దీపపు అతినీలలోహిత కాంతిలో బొల్లి మచ్చ సున్నంలా తెల్లగా మెరుస్తుంది. డెర్మోస్కోపు సుమారు పదిరెట్లు పెద్దదిగా చూపే వెలుతురుగల భూతద్దం. పుట్టుమచ్చలోని రంగు అల్లికను, రక్తనాళాల తీరును చూపి, ఏది కోసి పరీక్షకు పంపాలో చెబుతుంది.

ప్యాచ్ పరీక్ష: ఏ పదార్థం పడటం లేదో తేల్చడానికి అనుమానమున్నవాటిని చిన్న చిన్న గిన్నెల్లో పెట్టి వీపు మీద అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు. సిమెంటులోని క్రోమియం, గిల్టు నగల్లోని నికెల్, జుట్టుకు వేసే రంగులోని పారాఫినైలిన్ డయమిన్ మన దగ్గర తరచుగా పట్టుబడే దోషులు. పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్క పొడి గాలిలో తేలి రైతుల ముఖం, మెడ, మోచేతి మడతల్లో మొండి ఎగ్జిమా తెస్తుంది. బొట్టుబిళ్ల జిగురులోని రసాయనం పడని స్త్రీలకు నుదుట సరిగ్గా బొట్టు పెట్టేచోటే తెల్లమచ్చ వస్తుంది.

బయాప్సీ: పై పద్ధతులతో తేలనప్పుడు, క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు తప్పనిసరి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, 3 లేదా 4 మిల్లీమీటర్ల గొట్టంలాంటి కత్తితో ముక్క తీస్తారు. ఒకటి రెండు కుట్లు సరిపోతాయి. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం నిరాధారం. పెంఫిగస్ వంటి నీటిపొక్కుల జబ్బుల్లో ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష, శరీరం తన మీదే తయారుచేసుకున్న యాంటీబాడీలు ఏ పొరలో చేరాయో చూపిస్తుంది.

ముఖ్యమైన వ్యాధులు, చికిత్స

తామర: ఒకప్పుడు రెండు మూడు వారాల పూతతో పోయే తామర ఇప్పుడు నెలల తరబడి వేధిస్తోంది. స్టెరాయిడ్, యాంటీబయోటిక్, యాంటీఫంగల్ మూడూ కలిపిన క్రీములు చీటీ లేకుండా అమ్ముడుపోవడం దీనికొక కారణం. స్టెరాయిడ్ దురదను వెంటనే అణచివేస్తుంది. రోగనిరోధక శక్తినీ అక్కడే అణచివేయడంతో శిలీంధ్రం నిశ్చింతగా పాకుతుంది. తొడల మీద చర్మం పల్చబడి చారలు పడతాయి. తెల్లబడతామని ఇవే క్రీములు ముఖానికి రాసుకున్నవారికి మొటిమలు, అవాంఛిత రోమాలు, ఎండ సోకితే మంట మిగులుతాయి. 2018లో కేంద్రప్రభుత్వం స్టెరాయిడ్ పూతలను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ట్రైకోఫైటన్ ఇండోటినే అనే శిలీంధ్రంలో టెర్బినఫిన్ అనే మందును తట్టుకునే రకాలు పెరగడం రెండో కారణం. అలాంటప్పుడు ఇట్రకోనజోల్ వంటి మాత్రలు పూర్తికాలం వాడాలి. తువ్వాళ్లు, లోదుస్తులు విడివిడిగా ఉతికి ఎండలో ఆరేయాలి.

గజ్జి: పురుగు పొడవు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. తొలిసారి సోకినవారికి దురద మొదలవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా అది ఇంట్లో అందరికీ పాకుతుంది. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును పొక్కులున్నచోట మాత్రమే కాక, మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి రాసుకుని పొద్దున స్నానం చేయాలి, వారం తర్వాత మరోసారి అలాగే చేయాలి. దురద ఉన్నా లేకున్నా ఇంట్లోవాళ్లంతా అదే రోజు రాసుకోకపోతే జబ్బు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

కుష్టు: డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫజిమిన్ కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల ఆరంభంలో సిఫార్సు చేసింది. క్రిములు తక్కువగా ఉన్న రకానికి 6 నెలలు, ఎక్కువగా ఉన్న రకానికి 12 నెలలు మందు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. పదివేల జనాభాకు ఒక కేసు కన్నా తక్కువ అనే లక్ష్యాన్ని భారతదేశం 2005 చివరికి చేరుకుంది. అయినా కొత్త కేసులు ఆగలేదు. చికిత్స మధ్యలో నరాల నొప్పి, మచ్చలు ఉబ్బడం వంటి ప్రతిచర్యలు వస్తే మందు మానకూడదు, వెంటనే వైద్యుడిని కలవాలి. వేళ్లు వంకరపోయేది సాధారణంగా ఈ దశను నిర్లక్ష్యం చేసినప్పుడే. కుష్టును విడాకులకు కారణంగా చూపే నిబంధనను పార్లమెంటు 2019లో తొలగించింది.

సోరియాసిస్: ఇది అంటుకోదు. తగ్గుతూ పెరుగుతూ చాలాకాలం ఉంటుంది. కొందరిలో కీళ్లను కూడా పట్టుకుంటుంది. పూతలు, 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, మెథోట్రెక్సేట్, ఆ పైన బయోలాజిక్ ఇంజెక్షన్లు దీనికి వాడతారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ మింగితే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులకు ఇది నిషిద్ధం.

బొల్లి: శ్వేతకుష్టు అనే పాత పేరు దీనికి చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. కుష్టుతో దీనికి ఏ సంబంధమూ లేదు, ఇది అంటుకోదు. శరీర రక్షణవ్యవస్థే రంగు కణాలను దెబ్బతీయడం దీనికి మూలం. బావంచాల్లో ఉండే సోరలెన్‌కు ఎండ తోడైతే రంగు వస్తుందని మన పూర్వులకు తెలుసు. ఆధునిక వైద్యం దాన్నే కొలతలతో వాడింది. ఇప్పుడు 311 నానోమీటర్ల కాంతి దాని స్థానం తీసుకుంది. మచ్చలు పెరగకుండా ఆగిపోయినవారికి మామూలు చర్మం నుంచి రంగు కణాలు తీసి నాటుతారు.

పెంఫిగస్, మందుల వికటనం: పెంఫిగస్‌లో నోట్లో పుండ్లతో మొదలై ఒళ్లంతా పొక్కులు చిట్లి పచ్చిగా అవుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో జె.ఎస్. పస్రిచా 1980లలో రూపొందించిన, పెద్ద మోతాదు మందును విడతలుగా ఇచ్చే పల్స్ చికిత్స మనదేశంలో ఎందరి ప్రాణాలో కాపాడింది. నేడు రిటుక్సిమాబ్ అనే మందు ముందుంది. మూర్ఛ, గౌట్ మందులు, సల్ఫా మందులు, కొన్ని నొప్పి మాత్రలు అరుదుగా స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ తెస్తాయి. మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో జ్వరం, కళ్లమంట, పెదాలు పగలడం, చర్మం నొప్పిగా ఊడటం కనిపిస్తే ఆ మందు వెంటనే ఆపి ఆసుపత్రిలో చేరాలి.

చర్మ క్యాన్సర్లు

1775లో లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్, పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్లకు పెద్దయ్యాక వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కు మసి కారణమని చెప్పాడు. వృత్తి వల్ల వచ్చే క్యాన్సర్ గురించి తొలి పాఠం చర్మమే నేర్పింది. తెల్లవారి దేశాల్లో ప్రధాన కారణం ఎండ. 2020లో ప్రపంచంలో సుమారు 3,25,000 మందికి మెలనోమా వచ్చిందని, 57,000 మంది దానితో మరణించారని అంచనా. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఇది అత్యధికం.

మెలనిన్ అండ వల్ల భారతీయుల్లో చర్మ క్యాన్సర్లు తక్కువ. వచ్చినప్పుడు మాత్రం అవి వేరే దారుల్లో వస్తాయి. కాలిన మచ్చ మీద ఏళ్ల తర్వాత లేచిన పుండు, కుష్టు తగ్గాక కూడా మానని అరికాలి పుండు స్క్వామస్ క్యాన్సర్‌గా మారవచ్చు. కశ్మీరులో చలికి దుస్తుల లోపల పెట్టుకునే నిప్పుల కుంపటి కాంగ్డీ వల్ల పొట్ట, తొడల మీద వచ్చే క్యాన్సర్‌ను 19వ శతాబ్దంలోనే వర్ణించారు. నడుము దగ్గర పంచె బిగించి కట్టేచోట వచ్చే క్యాన్సర్‌ను 1945లో ఖానోల్కర్, సూర్యాబాయి నమోదు చేశారు. చీర, లంగా బొందు ఒరుసుకునేచోటా ఇది కనిపించింది. బెంగాల్ బోరునీటిలోని ఆర్సెనిక్ మరో కారణం. పుట్టుకతో మెలనిన్ లేనివారికీ, ఎండవల్ల డీఎన్ఏకు తగిలే దెబ్బను సరిచేసుకోలేని జీరోడెర్మా పిగ్మెంటోసమ్ పిల్లలకూ ఎండే శత్రువు.

బేసల్ సెల్ కార్సినోమా ముఖం మీద, ముక్కు, కన్ను దగ్గర ముత్యంలా మెరిసే అంచుతో నెమ్మదిగా పెరుగుతుంది. మనవారిలో ఇది తరచు నల్లగా ఉండటంతో పుట్టుమచ్చ అనుకుంటారు. దూరానికి పాకడం చాలా అరుదు; వదిలేస్తే కింది కండను, ఎముకను తినేస్తుంది. స్క్వామస్ క్యాన్సర్ గట్టి బొడిపెగానో పొక్కు కట్టిన పుండుగానో మొదలై లింఫు గ్రంథులకు పాకగలదు.

మెలనోమాను పసిగట్టడానికి న్యూయార్క్ వైద్యులు 1985లో నాలుగు గుర్తులు చెప్పారు: రెండు సగాలు పొసగకపోవడం, అంచు చెదరడం, రంగులు కలగాపులగం కావడం, వెడల్పు 6 మిల్లీమీటర్లు దాటడం. తర్వాత మార్పు అనే అయిదోది చేరింది. భారతీయుల్లో మెలనోమా ఎక్కువగా అరికాలు, అరచెయ్యి, గోటి కింద వస్తుంది. ఈ చోట్ల ఎండ పాత్ర లేదనే చెప్పాలి. అరికాలి నల్లమచ్చను ముల్లు గుచ్చుకున్న గుర్తనో ఆనెకాయ అనో, గోటికింది నల్లచారను దెబ్బ అనో వదిలేయడంతో ముదిరాక బయటపడుతుంది. గోటి చార వెడల్పవుతూ పక్క చర్మానికి పాకితే ఆలస్యం చేయకూడదు. ప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లే 1981లో మరణించింది కాలి బొటనవేలి గోటికింద మొదలైన మెలనోమాతోనే.

క్యాన్సర్ చికిత్స

అన్నిటికీ మొదటి చికిత్స శస్త్రచికిత్స. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ 1930లలో మొదలుపెట్టిన పద్ధతి ముఖం మీది బేసల్, స్క్వామస్ క్యాన్సర్లకు బాగా పనికొస్తుంది. గడ్డను సాసరులా పల్చటి పొరగా తీసి, అంచులకు రంగులు వేసి, పటం గీసుకుని, గడ్డకట్టించి కోసిన ముక్కలను సర్జనే సూక్ష్మదర్శిని కింద చూస్తాడు. పటంలో ఎక్కడ క్యాన్సర్ కణాలు మిగిలాయో అక్కడే మరో పొర తీస్తాడు. దీనితో వేరు తెగుతుంది, మంచి చర్మం మిగులుతుంది. పైపైన ఉన్నవాటికి ఇమిక్విమోడ్, 5-ఫ్లోరోయురాసిల్ పూతలు, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, కాంతి చికిత్స ఉన్నాయి. శస్త్రచికిత్స కుదరనివారికి రేడియేషన్ ఇస్తారు.

మెలనోమాలో భవిష్యత్తును చెప్పేది వెడల్పు కాదు, లోతు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో సూచించిన ఈ కొలతను బట్టి చుట్టూ 1 నుంచి 2 సెంటీమీటర్ల మంచి చర్మంతో సహా కోస్తారు. అవసరమైతే క్యాన్సర్ మొదట చేరే లింఫు గ్రంథిని పరీక్షిస్తారు. మిల్లీమీటరు లోపే పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఒళ్లంతా పాకిన మెలనోమాతో ఒకప్పుడు సగం మంది ఏడాది కూడా బతికేవారు కాదు. రోగనిరోధక వ్యవస్థకు వేసిన బ్రేకులను విప్పే మందులు 2011 నుంచి వచ్చి ఈ పరిస్థితిని మార్చాయి. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఇచ్చిన అధ్యయనంలో అయిదేళ్ల తర్వాత సగానికి పైగా రోగులు జీవించి ఉన్నారు. ఈ సూత్రాన్ని కనుగొన్న జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. బీరాఫ్ జన్యువులో మార్పు ఉన్నవారికి ఆ మార్పునే గురిచూసి కొట్టే మాత్రలున్నాయి. అరికాలి మెలనోమాలో ఆ మార్పు తక్కువగా ఉంటుంది, రోగనిరోధక మందులూ అంత బాగా పనిచేయవు. కాబట్టి మనవారికి తొందరగా గుర్తించడమే పెద్ద మందు.

నివారణ

ఎండలో పనిచేసేవారు నిండు చేతుల చొక్కా, తలపాగా లేదా టోపీ వాడాలి. ఆస్ట్రేలియా, అమెరికాలలో ఉంటున్న తెలుగువారిని చామనచాయ కొంతవరకే కాపాడుతుంది, సన్‌స్క్రీన్ వారికీ కావాలి. నెలకోసారి స్నానం తర్వాత అద్దంలో ఒళ్లు చూసుకునే అలవాటులో అరికాళ్లను, వేళ్ల సందులను, గోళ్లను కూడా చేర్చాలి. ఆరు వారాలు దాటినా మానని పుండు, స్పర్శలేని మచ్చ, రూపం మారుతున్న పుట్టుమచ్చ: ఈ మూడిట్లో ఏది కనిపించినా ట్యూబు కోసం కాదు, పరీక్ష కోసం వెళ్లాలి. ఆ పరీక్షల్లో చాలావాటికి ఒక దూదిపోచ, ఒక గాజుపలక, నాలుగు మిల్లీమీటర్ల ముక్క చాలు.